ఎండ ఎవరి సొత్తు?

అభ్యుదయ కవిత్వానికి సూర్యుడు మొదటినుంచీ ప్రతీక. చీకటిని దోపిడీకీ, వెలుగును విముక్తికీ గుర్తులుగా మూడు తరాల కవులు వాడుతూ వచ్చారు. అందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. కాని ప్రతీకగా మనకు తెలిసిన సూర్యుడు మన కళ్ళముందే సరుకుగా మారాడు. మన రాష్ట్రంలో ఒక పథకం కింద ఎండనుంచి పుట్టే కరెంటుకు యూనిటుకు 3 రూపాయల 13 పైసలు ధర కట్టారు. ఆ ధరకు ఇరవై అయిదేళ్ళపాటు కట్టుబడి వుంటామని ఒప్పందాలు రాసుకుంటున్నారు. ఇటువంటి మార్పు వచ్చినప్పుడు సాహిత్య విద్యార్థి దాని చరిత్రను తెలుసుకోవాలి. లేకపోతే ప్రతీక మన చేతిలో వుంటుంది, వస్తువు ఎవరి చేతిలోనో వుంటుంది.

నేను యాలాల్ మండలంలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. విద్యుత్తు నా శాస్త్రం కాదు. అయితే ఈ విషయంలో శాస్త్రం కన్న చరిత్ర ముఖ్యమని నా అభిప్రాయం. పలకమీద ఎండ పడితే కరెంటు ఎందుకు పుడుతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ పలక ఎవరిది, దాని కింది నేల ఎవరిది, వచ్చిన రాబడి ఎవరిది అనే ప్రశ్నలకు జవాబు చరిత్రలోనే వెతుక్కోవాలి.

1. దీపం బుడ్డి నుంచి స్తంభం దాకా

తాండూరు ప్రాంతం ఎప్పుడూ సరిహద్దు ప్రాంతమే. నిజాం రాజ్యంలో తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో వుండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ జిల్లా మైసూరుకు పోగా, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడ్డాయి. పరిపాలన పేర్లు ఇన్నిసార్లు మారినా ఇక్కడి జీవితానికి మూలాలు మూడే: కంది చేను, నాపరాయి గని, కాగ్నా నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి బండలు ఎన్నో వూళ్ళలో ఇళ్ళ నేలల మీద పరుచుకుని వున్నాయి.

రైలు ఈ ప్రాంతానికి 1874లోనే వచ్చింది. వాడి, సికింద్రాబాదుల మధ్య వేసిన ఆ దారి బండలనూ ధాన్యాన్నీ బయటికి మోసుకుపోయింది. కరెంటు మాత్రం పల్లెలకు చాలా ఆలస్యంగా వచ్చింది. రైలుకు వున్న తొందర కరెంటుకు లేకపోవటం యాదృచ్ఛికం కాదు. రైలు ఇక్కడి సరుకును పట్టణానికి చేర్చే సాధనం. కరెంటు పల్లెకు ఏదో ఒకటి తెచ్చి ఇచ్చే సాధనం. తీసుకుపోవటంలో వుండే లాభం తెచ్చి ఇవ్వటంలో వుండదు.

1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పింది. ఆ తరువాత స్తంభాలు ఊళ్ళబాట పట్టాయి. మొదటి తీగ సాధారణంగా బావి వున్న రైతు పొలానికి పోయింది. అంటే నీళ్ళున్నవాడికే కరెంటు ముందు అందింది. మోట కొట్టిన చోట మోటారు వచ్చింది. మోట తోలిన జీతగాడి ఇంట్లో దీపం బుడ్డి ఆ తరువాత కూడా చాలాకాలం వెలుగుతూనే వుంది. ఉత్పత్తి సాధనం కొత్తదైనా, పాత ఆస్తి సంబంధాల మీదుగానే ప్రవహించిందని చెప్పటానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

2. సిరిసిల్ల చెప్పే పాఠం

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కరెంటును ప్రజలే సొంతంగా నడుపుకునే ప్రయత్నం మన గడ్డమీద ఎన్నడూ జరగలేదా? జరిగింది. దాన్ని మనం మరిచిపోయాం.

1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడింది. దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన మొదటి కొద్ది గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో అది ఒకటి. కరెంటు వాడుకునేవాడే అందులో సభ్యుడు. సభ్యులు ఓటు వేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. కరెంటును టోకుగా కొని సంఘం తన తీగల మీద ఇంటింటికీ, మగ్గం మగ్గానికీ పంచుతుంది. తరువాతి కాలంలో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం ప్రాంతాలలో కూడా ఇటువంటి సంఘాలు వచ్చాయి. అర్ధ శతాబ్దం దాటినా సిరిసిల్ల సంఘం నిలిచి వుంది.

ఈ ప్రయోగాన్ని ఆకాశానికి ఎత్తవలసిన పని లేదు. సంఘం పంచింది కరెంటునే, పుట్టించలేదు. ఉత్పత్తి మీద దానికి అధికారం లేదు. 2022 డిసెంబరులో దాని పాలకవర్గానికి జరిగిన ఎన్నికలు రాజకీయ పార్టీల బలపరీక్షగా సాగాయి. సహకార సంఘం కాగితం మీద సభ్యులదైనా, పట్టు ఎవరి చేతిలో వుంటుందనేది వేరే ప్రశ్న అని దీనివల్ల తెలుస్తుంది. అయినా ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. తీగ తెగితే ఎవరిని నిలదీయాలో సిరిసిల్ల రైతుకు తెలుసు. నిలదీసే హక్కు అతనికి సభ్యత్వం ద్వారా వచ్చింది, దయ ద్వారా కాదు. సామూహిక యాజమాన్యం అనే మాటకు నాకు తెలిసిన కనీసార్థం ఇదే.

3. బిల్లు రాజకీయం

సిరిసిల్ల దారి రాష్ట్రమంతటా పరుచుకోలేదు. ప్రజలకూ కరెంటుకూ మధ్య సంబంధం మరో రూపం తీసుకుంది. ఆ రూపం పేరు బిల్లు.

1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు మీటరు లెక్క లేకుండా హార్సుపవరుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున వసూలు చేసింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో పాటు షరతులూ వచ్చాయి. 1999లో బోర్డును ముక్కలు చేసి ఉత్పత్తికి ఒక సంస్థ, ప్రసారానికి ఒక సంస్థ అన్నారు. మరుసటి ఏడాది పంపిణీకి నాలుగు కంపెనీలు పెట్టారు. 2000లో ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా రాష్ట్రమంతా కదిలింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి అనే ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. కరెంటు బిల్లు మీద మనుషులు చనిపోయిన రాష్ట్రం మనది. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలుమీద వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేశారంటే, ఆ సంతకం వెనుక ఈ నెత్తురు వుంది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల సరఫరా, 2024లో ఇళ్ళకు రెండువందల యూనిట్ల దాకా ఉచితం వచ్చాయి.

ఉచిత విద్యుత్తు ప్రజలు పోరాడి సాధించుకున్నదే. దానిని తక్కువ చేసి మాట్లాడే ఆర్థికవేత్తలతో నాకు ఏకీభావం లేదు. కాని దానికి వున్న పరిమితిని కూడా గమనించాలి. బిల్లు మాఫీ అయినవాడు లబ్ధిదారుడు అవుతాడు, యజమాని కాడు. ఇచ్చే చేయి మారితే ఇవ్వటం మారవచ్చు. ఉద్యమం బిల్లు దగ్గరే ఆగిపోయింది. ఉత్పత్తి ఎవరిది అనే ప్రశ్న దాకా పోలేదు.

4. ఎండ పంట

ఈ నేపథ్యంలో సౌర విద్యుత్తు వచ్చింది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్‌ను ప్రారంభించినప్పుడు 2022 నాటికి ఇరవైవేల మెగావాట్లు లక్ష్యమన్నారు. 2015లో ఆ లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం సౌర విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. సౌర ప్లాంట్ల భూములకు భూపరిమితి చట్టం నుంచి మినహాయింపు కల్పిస్తామని అందులో చెప్పింది. దున్నేవాడికి భూమి కోసం జరిగిన పోరాటాల ఫలితంగా వచ్చిన చట్టం పలకలు పరిచేవాడికి అడ్డు కాకూడదన్నమాట. ఈ ఒక్క వాక్యం మీద ఒక నవల రాయవచ్చు. మన నవలాకారుల కంట అది పడినట్టు లేదు.

పెద్ద ప్లాంటు వచ్చిన చోట ఏం జరుగుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. కర్ణాటకలో అనంతపురం సరిహద్దున వున్న పావగడ తాలూకాలో తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో వున్నాయి. తిరుమణి, బాలసముద్రం, వళ్ళూరు మొదలైన అయిదు గ్రామాల పరిధిలో సుమారు పదమూడువేల ఎకరాలలో 2050 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. అక్కడ రైతుల భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకొకసారి అయిదు శాతం పెంచే ఏర్పాటు చేశారు. వానలు ముఖం చాటేసిన కరువు సీమలో భూమి వున్నవాడికి అది ఓదార్పే. అయితే ఆ భూమిమీద కూలిచేసి బతికినవాడికి కౌలు పత్రంలో చోటు లేదు. గొర్రెలు మేపుకునేవాడికీ లేదు. పలకలు కడగటం, గడ్డి కోయటం, కాపలా కాయటం అనే కొద్దిపాటి పనులే మిగిలాయి. పట్టా వున్న చోటే పరిహారం వుంటుందనే పాత సూత్రం కొత్త వెలుగులో కూడా మారలేదు.

5. మహిళా సంఘాల పేరున

సామూహిక సౌర విద్యుత్తు అనే మాట ఇటువంటి పార్కులకు ప్రత్యామ్నాయంగా వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2013లో చేసిన చట్టం ప్రకారం, సొంత మిద్దె లేనివాడు కూడా ఊరి బయట ప్లాంటులో వాటా తీసుకోవచ్చు. తన వాటాకు పుట్టిన కరెంటు విలువ తన బిల్లులో తగ్గుతుంది. ఢిల్లీ నియంత్రణ మండలి 2019లో ఇటువంటి ఏర్పాటుకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన పల్లెలకు ఇది ఎందుకు ముఖ్యమో సులభంగా చెప్పవచ్చు. 2024లో వచ్చిన కేంద్ర పథకం ఇంటి కప్పుమీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకునేవారికి 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తుంది. కాని దానికి కప్పు వుండాలి, మిగతా డబ్బు పెట్టే శక్తి వుండాలి. యాలాల్ చుట్టుపక్కల రేకుల ఇళ్ళలో, పెంకుటిళ్ళలో వుండే కూలీకి ఆ రెండూ లేవు. పైగా రెండువందల యూనిట్ల లోపు వాడేవాడికి బిల్లే రాదు గనుక పలకలు పెట్టుకునే అవసరమూ లేదు. ఆ విధంగా కప్పుమీది సబ్సిడీ ఎక్కువ కరెంటు కాల్చేవాడి వైపే వాలుతుంది.

మన రాష్ట్రంలో సామూహికత తీసుకున్న రూపం వేరు. 2019లో మొదలైన కుసుమ్ పథకంలో మొదటి భాగం ప్రకారం, సబ్ స్టేషనుకు అయిదు కిలోమీటర్ల లోపు అయిదువందల కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టవచ్చు. రైతు, రైతుల బృందం, సహకార సంఘం, పంచాయతీ ఎవరైనా అర్హులే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మహిళా పొదుపు సంఘాల ద్వారా వెయ్యి మెగావాట్ల ప్లాంట్లు పెట్టించేందుకు విద్యుత్ సంస్థలతో ఒప్పందం చేయించింది. 2025 జనవరిలో ప్రకటించిన స్వచ్ఛ, హరిత ఇంధన విధానంలో కూడా ఈ సంఘాలకు చోటు ఇచ్చారు. 2025 మే నెలలో నల్లమలలోని మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. అటవీ హక్కు పట్టాలున్న గిరిజనుల ఆరు లక్షల ఎకరాలకు సౌర పంపుసెట్లతో నీళ్ళు ఇవ్వటం దాని లక్ష్యం.

పొదుపు సంఘాలు కూడా పైనుంచి ఊడిపడ్డవి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని ఎదిరించిన స్త్రీల కదలిక నుంచి పొదుపు ఉద్యమానికి బలం వచ్చింది. సారా పాకెట్టును తగలబెట్టిన చేతులే తరువాత పొదుపు పుస్తకం పట్టుకున్నాయి. అటువంటి సంఘానికి ఒక విద్యుత్ ప్లాంటు దక్కటం చిన్న విషయం కాదు. ఆస్తిలో భాగం లేని స్త్రీకి ఉత్పత్తి సాధనంమీద హక్కు ఇస్తామనటమే ఇది. సూత్రంగా దీన్ని అభ్యుదయ శక్తులన్నీ ఆహ్వానించాలి.

సూత్రాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. ఒక మెగావాటు ప్లాంటుకు నాలుగెకరాల నేల, సుమారు మూడు కోట్ల రూపాయల పెట్టుబడి కావాలి. మన ఎండకు ఏడాదికి పదిహేను, పదహారు లక్షల యూనిట్లు పుడతాయి. యూనిటుకు 3 రూపాయల 13 పైసల చొప్పున రాబడి సుమారు 48 లక్షలు. పెట్టుబడిలో రెండు కోట్ల డెబ్బై లక్షలు పది శాతం వడ్డీకి తెచ్చిన అప్పు అనుకుంటే, మొదటి ఏడాది వడ్డీయే 27 లక్షలు. మిగిలిన 21 లక్షలలో అసలు తీర్చాలి, కాపలాదారుకు జీతమివ్వాలి, పలకలు కడిగించాలి, చెడిపోయిన ఇన్వర్టరు బాగుచేయించాలి. అప్పు తీరేదాకా చేతిలో మిగిలేది కొద్దిగానే. అప్పు తీరిన తరువాతనే అసలైన లాభం మొదలవుతుంది. అందుచేత తీరేదాకా నిలబడటమే ఈ వ్యవహారంలో కీలకం.

నిలబడటానికి అడ్డంకులు ఏమిటి? తాండూరు ప్రాంతపు వాడిగా నాకు మొదట తోచేది దుమ్ము. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము కంది ఆకుమీద ఎలా పేరుకుంటుందో ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. పలకమీద కూడా అలాగే పేరుకుంటుంది. ఉత్పత్తి పదోవంతు తగ్గితే ఏడాదికి దాదాపు అయిదు లక్షలు పోయినట్టే. కడగటానికి నీళ్ళు కావాలి, ఎండాకాలంలో నీళ్ళకే కరువు. రెండవది తీగ. ఈ ప్లాంట్లు గ్రిడ్డుతో ముడిపడి వుంటాయి. లైనులో కరెంటు పోతే ప్లాంటు కూడా తనంతట తానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం మండే ఎండలో సబ్ స్టేషను ఆగితే ఆ గంట రాబడి పోయినట్టే. తప్పు కంపెనీది, నష్టం సంఘానిది. మూడవది ధర. ఇరవై అయిదేళ్ళూ ధర ఒకటే. కూలి రేటు, సామాను ధర మాత్రం ఒకచోట నిలవవు.

నాకు తెలిసిన ఒక పొదుపు సంఘం సభ్యురాలితో ఈ సంగతులు మాట్లాడుతుంటే ఆమె అడిగింది: "సార్, అప్పు మా పేరు మీద ఉంటదంటున్నరు, మంచిదే. మరి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?" విధాన పత్రాలు రాసేవారు వేసుకోవలసిన ప్రశ్న ఇది. ప్లాంటు కట్టేది కాంట్రాక్టరు, నడిపేది నిర్వహణ కంపెనీ, కొనేది పంపిణీ సంస్థ, అప్పు ఇచ్చేది బ్యాంకు. ఈ నలుగురి మధ్య సంఘం పేరు సంతకానికే పరిమితమైతే అది యాజమాన్యం కాదు, బినామీ.

6. నేల సంగతి

కుసుమ్ నిబంధనలు బీడు, పడావు భూములతో పాటు పచ్చిక నేలలను కూడా ప్లాంటుకు పనికివచ్చే భూములుగా లెక్కించాయి. ఇక్కడ జాగ్రత్తగా వుండాలి. రికార్డులో బీడు అని రాసిన నేల ఊళ్ళో ఎవరికీ పనికిరాని నేల కాదు. గైరాన్‌లో గొల్ల కురుమల గొర్రెలు మేస్తాయి, భూమిలేనివారి బర్రెలు మేస్తాయి. దళితులకిచ్చిన అసైన్డు భూములు బావి తవ్వే స్తోమత లేక పడావు పడి వుంటాయి. ఒక సంఘం స్త్రీలకు ప్లాంటు ఇవ్వటానికి మరో కులపు స్త్రీల మేతబీడు తీసుకుంటే దాన్ని సామూహికం అనవచ్చునా?

ఈ జిల్లాలో ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. దుద్యాల మండలం లగచర్లలో ఔషధ పరిశ్రమల కోసం భూసేకరణ తలపెట్టినప్పుడు, 2024 నవంబరు 11న అధికారులమీద జనం తిరగబడ్డారు. అరెస్టులు జరిగాయి. ఆ నెలాఖరుకే ప్రభుత్వం ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. మహిళా సంఘాల సౌర ఒప్పందం కూడా ఆ నవంబరులోనే జరిగింది. ఒకే నెలలో ఒక చేయి ప్లాంటు ఇస్తామంటుంది, మరో చేయి పొలం అడుగుతుంది. రెండింటినీ కలిపి చదవటం చరిత్రకారుడి పని.

7. రెండు ఊళ్ళు

ఇతర రాష్ట్రాల అనుభవం రెండు విధాలుగా వుంది. బీహారులోని ధర్నయి గ్రామంలో 2014లో ఒక స్వచ్ఛంద సంస్థ వంద కిలోవాట్ల సౌర గ్రిడ్డు పెట్టింది. బ్యాటరీ కరెంటు ఫ్రిజ్జులకూ టీవీలకూ చాలలేదు. తమకు అసలైన కరెంటు కావాలని జనం అడిగారు. ప్రభుత్వ లైను చవకగా వచ్చాక సౌర ప్లాంటును పట్టించుకునేవారు లేక అది పాడుపడింది. అది ఊరి కోసం పెట్టిందే, ఊరు పెట్టుకున్నది కాదు.

గుజరాత్ ఖేడా జిల్లా ఢుండిలో 2016లో ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. నీళ్ళు తోడుకోగా మిగిలిన కరెంటును పంపిణీ సంస్థకు అమ్ముకున్నారు. ఎండ వాళ్ళకు మరో పంట అయింది. ఒక పరిశోధన సంస్థ అండ లేకుండా అది నిలిచేది కాదన్న విమర్శలో నిజం వుంది. కాని లెక్క రాసుకున్నది రైతులే, గుంజలు వేసింది వాళ్ళ పొలంలోనే. ధర్నయికీ ఢుండికీ మధ్య తేడా పలకలలో లేదు. తీర్మానం ఎవరు చేశారన్న దానిలో వుంది.

8. రచయిత పని

చివరగా మన సంగతి. తెలంగాణ పల్లెను గురించి రాసిన కథలలో కరెంటు వుంది. రాత్రి కరెంటుకు మోటారు పెట్టబోయి చనిపోయిన రైతు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు, చందాలు వేసుకుని బాగుచేయించుకున్న ఊరు, ఇవన్నీ మన కథకులకు తెలిసినవే. అయితే అక్కడ కరెంటు ఎప్పుడూ బయటినుంచి వచ్చే శక్తి. అది వస్తుంది లేదా పోతుంది. మనుషులు దానికోసం ఎదురుచూస్తారు. ఇప్పుడు ఆ మనుషులే దాన్ని పుట్టించేవారుగా కాగితాల కెక్కుతున్నారు. పాత్ర మారింది గనుక కథా మారాలి.

పథకాన్ని కీర్తించే పాట రాయటం తేలిక. అంతా మోసమని కొట్టిపారేయటం కూడా తేలికే. రెండింటికీ గ్రామ సంఘం సమావేశంలో ఒక పూట కూర్చోవలసిన పనిలేదు. మన విద్యార్థులు ఆ సమావేశాలకు వెళ్ళాలి. ఒప్పంద పత్రం తెలుగులో వుందా, సంతకం పెట్టినవారికి ఎవరైనా చదివి వినిపించారా, నెలనెలా యూనిట్ల లెక్క సంఘం గోడమీద రాస్తున్నారా, కడగటానికి వచ్చే కూలీకి ఎంత ఇస్తున్నారు, మేతబీడు పోయిన కురుమ ఇంటికి వాటా వుందా అని అడగాలి. అడిగి రాయాలి. సాహిత్యమని వేరే పేరు పెట్టకుండానే అది మంచి వచనం అవుతుంది.

యాలాల్‌లో ఎండకు కొదువ లేదు. ఇక్కడి కూలీ వీపుమీద అది తరతరాలుగా పడుతూనే వుంది, ఏ రాబడీ ఇవ్వకుండా. అదే ఎండకు ఇప్పుడు లెక్కలు, ధరలు, ఒప్పందాలు వచ్చాయి. ఆ ఒప్పందాలను చదివి మాట్లాడగలిగినవాళ్ళు ఊళ్ళో వుండాలి. వాళ్ళలో కొందరైనా రచయితలు కావాలని నా కోరిక.